సరిహద్దు ఊళ్లో రాజకీయ వార్త: చదవడం, తేల్చుకోవడం, రాయడం ఎలా

మూడేళ్ల కిందట నేనొక పెద్ద పొరపాటు చేశాను. మా వీధి చివర మెయిన్ రోడ్డు గోతులు పడి, వానలకు చెరువైపోయింది. ఒక ఆటో బోల్తా కొట్టింది. కోపం ఆపుకోలేక మా వార్డు కౌన్సిలర్‌ని కడిగేస్తూ పది లైన్లు రాసి, తెలిసినవాళ్లందరికీ ఫోన్లో పంపాను. భలే రాశావన్నారు అందరూ. సాయంత్రం ఆయనే మా గుమ్మంలోకి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"రా బాబూ, ఒక్కసారి చూసొద్దాం" అని రోడ్డు దగ్గరికి తీసుకెళ్లాడు. సిమెంటు కాలువ అంచు మీద చెప్పుకాలు ఆనించి, "ఇదిగో, ఇక్కడి దాకా మాది. ఆ తారంతా రోడ్ల శాఖవాళ్లది. కాలువ మీద పలక విరిగి ఆరు నెలలైంది. దాని గురించి ఒక్క ముక్కా రాయలేదు నువ్వు. దానికి తిట్టు, పడతాను" అన్నాడు.

పలక నిజంగానే విరిగి ఉంది. లోపలి ఇనుప చువ్వలు బయటికొచ్చి ఉంటే వాటికి ఎవరో ఎర్ర గుడ్డ కట్టారు. రోజూ దాని పక్క నుంచే నడుస్తున్నాను నేను. (ఊరి పేరు అడగకండి. ఒడిశాలో, గంజాం జిల్లాలో ఓ పట్నం అనుకోండి. ఆయనతో ఇప్పటికీ టీ తాగుతున్నాను.)

ఆ తరవాత నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఇది. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో మన తెలుగువాళ్లు రాజకీయం మాట్లాడనిదే పొద్దు గడవదు. ఆ మాటలనే నలుగురూ నమ్మేలా కాగితం మీద పెట్టాలనుకుంటే ఈ వరసలో చేసి చూడండి.

ఒకటి: ముందు రెండు భాషల్లో చదవండి

మనకున్న పెద్ద ఆస్తి రెండు భాషలు. భువనేశ్వర్‌లో కూర్చుని సరిహద్దు గురించి రాసేవాడికి సాధారణంగా తెలుగు రాదు. విజయవాడలో రాసేవాడికి ఒడియా రాదు. మనం పొద్దున్నే రెండూ చదువుకోగలం. మీకు ఒడియా లిపి రాకపోతే బడికెళ్లే పిల్లనో పిల్లవాణ్నో పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోండి.

ఒకే వార్తను రెండు పేపర్లలో వెతికి పట్టుకోండి. తెల్లకాగితం మధ్యలో గీత గీసి ఎడమవైపు తెలుగు పేపరు చెప్పింది, కుడివైపు ఒడియా పేపరు చెప్పింది రాయండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎంత. ఇంతే. 'దారుణం', 'చారిత్రాత్మకం' లాంటివి గీతకి రెండు పక్కలా వదిలేయండి. ఒకే పక్క కనబడిన సంగతి ఏదైనా ఉంటే దానికి చుక్క పెట్టండి. అసలు పని ఆ చుక్కల దగ్గరే మొదలవుతుంది.

కొటియా సంగతే తీసుకోండి. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోది ఆ పంచాయతీ. అటుపక్క సాలూరు మండలం. 2022 ఏప్రిల్ దాకా విజయనగరం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. 21 ఊళ్ల మీద రెండు రాష్ట్రాలకీ పేచీ. తెలుగు పేపర్లో ఎక్కువగా వచ్చేది ఒడిశావాళ్లు అడ్డుకున్నారన్న వార్త. అదే రోజు ఒడియా పేపర్లో ఆంధ్రావాళ్లు చొరబడ్డారన్న వార్త. రెండు వార్తల్లోనూ తరచూ జారిపోయేది కోర్టు సంగతి. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది, యథాతథ స్థితి ఉంచమని కోర్టు చెప్పింది. 2006లో దావా కొట్టేసినప్పుడూ ఆ స్థితినే కొనసాగించమంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ మూడు చోట్ల పంచాయతీ ఎన్నికలు పెడితే, ఒడిశా కోర్టు ధిక్కారం కింద పిటిషన్ వేసింది.

ఈ తేదీలు కాగితం నెత్తిన రాసి పెట్టుకుంటే, రేపు ఏ పక్క మంత్రి అక్కడికి వెళ్లి ఏం ప్రారంభించినా మీ మొదటి వాక్యం మారిపోతుంది. చొరబాటు అని మీరు రాయరు, దౌర్జన్యం అనీ రాయరు. యథాతథ స్థితి ఉన్న చోట ఫలానా పని జరిగింది అంటారు. ఆ తరవాత ఆ ఊరివాళ్లకి బియ్యం ఎవరిస్తున్నారు, రోడ్డు ఎవరు వేశారు, పురుటి నొప్పులొస్తే ఏ పక్క ఆసుపత్రికి వెళుతున్నారు అని అడుగుతారు. రాజధానిలో కూర్చున్నవాడు ఈ మాట అడగలేడు. అడిగినా జవాబు చెప్పే మేనమామ అతనికి అక్కడ ఉండడు. మనకు ఉంటాడు.

వంశధార నది నీళ్ల పేచీ కూడా ఇంతే. నేరడి బ్యారేజీ అనగానే తెలుగు పేపర్లో శ్రీకాకుళం ఆయకట్టు, ఒడియా పేపర్లో గజపతి, రాయగడ జిల్లాల ముంపు. 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది, 2017 సెప్టెంబరులో తీర్పొచ్చింది, 2021 జూన్‌లో దాని మీద వివరణ వచ్చింది. బ్యారేజీకి ఒడిశా వైపు 106 ఎకరాలు కావాలన్నది అందులో ముఖ్యమైన ముక్క. 2021 నవంబరు 9న జగన్‌మోహన్ రెడ్డి భువనేశ్వర్ వచ్చి నవీన్ పట్నాయక్‌ని కలిసినప్పుడు నేరడి, జంఝావతి జలాశయం, కొటియా మూడూ మాట్లాడుకున్నారు. ఇప్పుడు ఆ ఇద్దరూ ముఖ్యమంత్రులు కారు. సమస్య మాత్రం అక్కడే ఉంది. కాబట్టి 'జగన్ చేయలేదు', 'నవీన్ అడ్డుపడ్డాడు' అని రాసేముందు కాగితం మీద ఏ తేదీ దగ్గర ఆగిందో చూసుకోండి.

తుపాను వార్తల్లో ఈ తేడా ఇంకా బాగా కనబడుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. తెలుగు పేపర్ల నిండా ఉద్దానం కొబ్బరి చెట్లు. ఒడియా పేపర్ల నిండా గజపతి జిల్లా బరఘరలో కొండచరియ విరిగిపడిన వార్త. ఒక్క తుపానే. ఏదో ఒకటే చదివినవాడికి సగం తుపానే తెలుస్తుంది, పరిహారం గురించి మాట్లాడేటప్పుడు కూడా ఆ సగమే మాట్లాడతాడు.

ఇక్కడో హెచ్చరిక. ఒడియా మాట తెలుగు మాటలా వినిపించి ముంచేస్తుంది. నేనూ మునిగాను. ఒడియాలో 'ఉద్యమ' అంటే ప్రయత్నం. 'ఆత్మహత్యా ఉద్యమ' అని హెడ్డింగు కనబడితే ఎవరో ఉద్యమం చేస్తున్నారని కాదు, ఒకరు ఆత్మహత్యకు ప్రయత్నించారని. 'అభిజోగ' అంటే వట్టి ఫిర్యాదో ఆరోపణో. తెలుగులో అభియోగం అని దించేశారంటే కోర్టులో చార్జిషీటు పడ్డట్టు వినిపిస్తుంది, మనిషి పరువు పోతుంది. 'ప్రసంగ' అంటే విషయం, ఉపన్యాసం కాదు. 'అబసర' అంటే రిటైర్మెంటు. 'ఉచ్ఛేద' అంటే ఆక్రమణల తొలగింపు. ఉచ్ఛేదమని తెలుగులో రాస్తే ఊరు నాశనమైనట్టు ఉంటుంది. 'జిల్లాపాళ' అంటే కలెక్టరే. ఫోన్లో అనువాదం నొక్కి వచ్చింది వచ్చినట్టు పంపేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

ఊళ్ల పేర్లతోనూ జాగ్రత్త. బరంపురం, బ్రహ్మపుర ఒకటే. పర్లాకిమిడి, పారళాఖెముండి ఒకటే. కానీ రాయగడ రెండు: ఒకటి జిల్లా, రెండోది గజపతి జిల్లాలో ఒక బ్లాకు. నేను చెప్పిన బరఘర ఈ రెండో రాయగడలోది. ఉదయగిరి గజపతిలో ఒకటుంది, కంధమాల్‌లో ఒకటుంది, నెల్లూరు జిల్లాలో ఇంకోటి. కొటియా ఊళ్లకైతే ఒక్కోదానికి రెండు పేర్లు: ఒడిశా కాగితాల్లో గంజాయిపదర్, ఆంధ్రా కాగితాల్లో గంజాయిభద్ర. వార్త వెతికేటప్పుడు రెండు పేర్లూ కొట్టి చూడండి.

రెండు: అది ఎవరి కుర్చీ?

నా కాలువ కథ మీకు తెలుసు కదా. తిట్టే ముందు ఆ పని ఎవరిదో తేల్చుకోవాలి. జాతీయ రహదారి అయితే కేంద్రం. మనకు 16వ నంబరు, 326వ నంబరు రోజూ ఎదురయ్యేవే. పెద్ద రోడ్లు రాష్ట్ర రోడ్ల శాఖవి, పల్లె రోడ్లు చాలావరకు గ్రామీణాభివృద్ధి శాఖ ఇంజనీర్లవి, సందులు, కాలువలు మున్సిపాలిటీవో పంచాయతీవో. రైల్వే పైవంతెనకి పట్టాల మీది భాగం రైల్వే చూస్తుంది, రెండు పక్కల ఎక్కుడు దారి మామూలుగా రాష్ట్రం చూడాలి. సగం కట్టిన వంతెన ఏళ్ల తరబడి గాలిలో నిలబడిందంటే ఈ రెండింట్లో ఏ సగం ఆగిందో చూస్తే చాలు, వ్యాసం సగం అయిపోయినట్టే. కరెంటు 2021 జనవరి నుంచి దక్షిణ ఒడిశాలో టాటా పవర్ కంపెనీ చేతిలో ఉంది, అందులో రాష్ట్ర సంస్థ గ్రిడ్‌కోకి 49 శాతం. చార్జీ పెంచేది కంపెనీ కాదు, విద్యుత్ నియంత్రణ కమిషన్. బిల్లు ఎక్కువొచ్చిందని ఎమ్మెల్యేని తిట్టినా, కరెంటు పోయిందని కమిషన్‌ని తిట్టినా గురి తప్పినట్టే.

బరంపురం లాంటి చోట ఇంకో మెలిక ఉంది. అక్కడ కార్పొరేషన్‌కి 42 వార్డులు. 2022 మార్చి 24న ఓట్లు పడ్డాయి, 26న లెక్కించారు. ఒడిశాలో మేయర్లని, చైర్‌పర్సన్లని జనమే నేరుగా ఎన్నుకోవడం అప్పుడే మొదలు. బరంపురం మేయరుగా బిజూ జనతాదళ్ (బీజేడీ) అభ్యర్థి సంఘమిత్ర దలేయి గెలిచారు. 2024 జూన్‌లో రాష్ట్రంలో భాజపా వచ్చింది. పైన ఒక పార్టీ, కింద ఇంకో పార్టీ గెలిచిన కౌన్సిల్. ఇలాంటప్పుడు నిధులు రావట్లేదని కిందివాళ్లు, ఇచ్చినవి ఖర్చు పెట్టట్లేదని పైవాళ్లు అనడం ఎక్కడైనా జరిగేదే. ఇద్దరి మాటా రాసి వదిలేస్తే మీరు టపా మోసే మనిషి అయ్యారు, అంతే. బడ్జెట్ పుస్తకంలో ఆ పద్దు కింద ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని అడగండి. ఇంకోటి, మేయరు ముఖం పేపర్లో ఎంత కనబడినా ఫైళ్ల మీద రోజువారీ సంతకం కమిషనర్‌ది. ఆ మనిషిని జనం ఎన్నుకోలేదు, కాబట్టి ఎవరూ తిట్టరు. తిట్టమని కాదు, అడగడం మర్చిపోకండి అంటున్నాను.

గిరిజన ప్రాంతాల్లో మరో కుర్చీ ఉంది: గ్రామసభ. కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి పూర్తిగా, గజపతిలో కొంత భాగం రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కింద ఉన్నాయి. 2013లో నియమగిరి బాక్సైట్ తవ్వకం మీద సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంటే, రాయగడలో 7, కలహండిలో 5, మొత్తం 12 ఊళ్లూ వద్దన్నాయి. కంపెనీ, ప్రభుత్వం, పార్టీలు అందరూ ఒక పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది. కొండ మీద ఏ ప్రాజెక్టు వార్త వచ్చినా గ్రామసభ జరిగిందా, తేదీ ఏమిటి, ఎంతమంది వచ్చారు అన్నది మొదటి ప్రశ్న.

మూడు: పని ఏ మెట్టు మీద ఉంది?

ప్రకటన, మంజూరు, టెండరు, వర్క్ ఆర్డరు, పని, బిల్లు. పేపర్లో ఈ ఆరింటికీ ఒకటే హెడ్డింగు: వచ్చేసింది! రాయగడ రైల్వే డివిజన్ చూడండి. 2019 ఫిబ్రవరి 27న విశాఖ కేంద్రంగా కొత్త జోన్‌తో పాటు ప్రకటించారు. డివిజన్ భవనానికి శంకుస్థాపన 2025 జనవరి 6న జరిగింది, ప్రధాని ఢిల్లీ నుంచే మీట నొక్కారు. దాదాపు ఆరేళ్లు. ఆ రెండు తేదీల మధ్య 'రాయగడకు డివిజన్' అని ఎంతమంది నాయకులు దండలు వేయించుకున్నారో రాయగడవాళ్లనే అడగండి.

ఏ వార్త చదివినా పెన్సిల్‌తో పక్కన మెట్టు నంబరు వేయండి. 'చర్యలు తీసుకుంటామని తెలిపారు' అంటే సున్నా. టెండరు పిలిచారా లేదా అన్నది రాష్ట్ర ప్రభుత్వ టెండర్ల వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు.

నాలుగు: అంకె చూస్తే ఆగండి

2024 ఒడిశా శాసనసభ ఎన్నికల్లో 147 సీట్లకు భాజపాకి 78, బీజేడీకి 51, కాంగ్రెస్‌కి 14. బీజేడీ అధినేత నవీన్ పట్నాయక్ మన గంజాంలో హింజిలి గెలిచారు, కంటాబంజిలో ఓడారు. 'జనం బీజేడీని చీదరించుకున్నారు' అని రాసినవాళ్లు చాలామంది. ఓట్లు చూడండి: బీజేడీకి 40.22 శాతం, భాజపాకి 40.07 శాతం. ఓడిన పార్టీకే పిసరంత ఎక్కువ. ఓట్లు ఎక్కడ పడ్డాయన్నది కథ, ఎన్ని పడ్డాయన్నది కాదు.

మీ పేటలో ఎన్ని పడ్డాయో తెలుసుకోవాలంటే ఫారం 20 అడగండి. నియోజకవర్గంలో ఒక్కో బూతులో ఒక్కో అభ్యర్థికి ఎన్ని ఓట్లో అందులో ఉంటుంది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో పెడతారు. అది చూశాక టీ కొట్టు విశ్లేషణలు సగం రాలిపోతాయి.

'తెలుగు ఓట్లు గంపగుత్తగా ఫలానా పార్టీకి' అన్న వాక్యం ఎన్నికలప్పుడల్లా వస్తుంది. ఓటరు జాబితాలో భాష అనే కాలమే లేదు. ఏ బూతులో తెలుగువాళ్లు ఎంతమందో జాబితా చెప్పదు, చెప్పేవాడు ఊహించి చెబుతున్నాడు. మనవాళ్ల బలం చూపించుకోవాలని మనకే సరదాగా ఉంటుంది గనక ఈ అంకెను మనమే ఎక్కువ మోస్తాం.

పంచాయతీల్లో ఇంకో మాయ ఉంది. ఒడిశాలో జిల్లా పరిషత్ సభ్యుల ఎన్నికే పార్టీ గుర్తుల మీద. సర్పంచి, సమితి సభ్యుడు, వార్డు మెంబరు పార్టీ గుర్తు లేకుండా గెలుస్తారు. మా పార్టీ సర్పంచులు ఇన్ని వందలమంది అని ఎవరు చెప్పినా అది ఆ పార్టీ లెక్క, ఎన్నికల సంఘం లెక్క కాదు. 2022 ఫిబ్రవరిలో ఈ ఎన్నికలు జరిగాయి, ఐదేళ్ల లెక్కన మళ్లీ వచ్చేది 2027 మొదట్లో. ఈ ముక్క ఇప్పుడే రాసి పెట్టుకోండి, అప్పుడు పనికొస్తుంది.

పాత సంగతులు చెప్పేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. మా టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు.

"ఏటనుకున్నావు, ప్రధానిని పంపిన ఊరు బరంపురం!"

"ఎప్పుడు మావయ్యా?"

"పీవీ నరసింహారావు మన ఎంపీయే కదరా!"

నిజమే, 1996లో పీవీ నంద్యాలలో, బరంపురంలో రెండు చోట్లా గెలిచి బరంపురం ఉంచుకున్నారు. కానీ ఆ ఎన్నికల్లోనే కాంగ్రెస్ ఓడింది, ఆయన పదవి దిగిపోయారు. బరంపురం ఎంపీగా ఉన్న కాలం దాదాపు అంతా ఆయన మాజీ ప్రధాని. మావయ్యకి చెప్పాను. ఒప్పుకోలేదు. రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో పుట్టింది బరంపురంలోనే కదా, అది చెప్పుకోండి, అందులో వంక లేదు అన్నాను. దానికి మాత్రం టీ ఇప్పించారు.

అయిదు: పేపరు ఎవరిది?

ఒక్క నిమిషం పని, కానీ చేయండి. ఒడియా పేపర్లలో 'సంబాద్' సంస్థ సౌమ్య రంజన్ పట్నాయక్‌ది. ఆయన బీజేడీ ఎమ్మెల్యేగా ఉండి 2023లో పార్టీ నుంచి బయటికి పంపబడ్డారు. 'ధరిత్రి' సంపాదకుడు తథాగత సత్పతి బీజేడీ ఎంపీగా పని చేశారు. ఒడియా చానెల్ ఓటీవీ భాజపా ఎంపీ బైజయంత్ పండా కుటుంబానిది. 'సాక్షి' ఎవరిదో, 'ఈనాడు' ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. అంతమాత్రాన వాళ్లు రాసిందంతా అబద్ధమని కాదు. ఒక పార్టీ మీద వార్త ఆ పార్టీకి దగ్గరివాళ్ల పేపర్లోనే వస్తే గట్టిగా నమ్మండి. ఎదుటివాళ్ల పేపర్లో వస్తే ఇంకొక చోట కూడా చూడండి. మొదటి పేజీ మొత్తం ప్రభుత్వ ప్రకటన ఉన్న రోజు లోపలి పేజీల్లో ఏ వార్త చిన్నదైందో వెతకడం నాకో సరదా.

మండల స్థాయి విలేకరుల మీద విరుచుకుపడకండి. చాలామందికి జీతం నామమాత్రం, ప్రకటనలు తెమ్మని ఒత్తిడి ఉంటుంది. ఏ వార్త రాయలేకపోయారో టీ తాగుతూ వాళ్లే చెబుతారు.

ఆరు: వెళ్లి చూడండి, కాగితం అడగండి

వార్తలో చెప్పిన చోటికి వెళ్లండి. పని బోర్డు ఉంటే ఫోటో తీయండి: అంచనా ఎంత, మొదలైన తేదీ, ముగించాల్సిన తేదీ, ఏ పథకం. బోర్డు లేకపోతే అదీ వార్తే. అక్కడున్న ముగ్గురితో మాట్లాడండి. ముగ్గురూ ఒకే పార్టీవాళ్లయితే నాలుగో మనిషిని వెతకండి. కొట్టు పెట్టుకున్న ఆడవాళ్లని అడిగితే రోజూ ఏం జరుగుతోందో తేదీలతో చెబుతారు, నా అనుభవం అది.

సోమవారం సోమవారం కలెక్టరు, ఎస్పీ కలిసి ప్రజల అర్జీలు తీసుకుంటారు, జాయింట్ గ్రీవెన్స్ అంటాం. ఒక పూట అక్కడ బయట బెంచీ మీద కూర్చోండి. జిల్లాలో ఏం నడుస్తోందో పేపరు కంటే ముందే తెలుస్తుంది.

కాగితం కావాలంటే సమాచార హక్కు. ఒడిశాలో ఫారం-ఎ నింపి, గుర్తింపు కాగితం జతచేసి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇవ్వాలి. చట్టం ప్రకారం దరఖాస్తు ఇంగ్లిషులో, హిందీలో, లేదా అక్కడి అధికార భాషలో ఉండాలి, అంటే మనకు ఒడియా. తెలుగులో రాసిస్తే వెనక్కి కొట్టే సాకు వాళ్ల చేతికి మీరే ఇచ్చినట్టు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు.

ఎలా అడుగుతారన్నది ముఖ్యం. 'మా రోడ్డు ఎందుకు వేయలేదు' అని అడిగితే 'సమాచారం లేదు' అని వస్తుంది, ఎందుకంటే 'ఎందుకు' అన్నదానికి ఫైలు ఉండదు. ఫలానా పని అంచనా, వర్క్ ఆర్డరు, కొలతల పుస్తకం నకళ్లు ఇవ్వండి అని అడగండి. కాంట్రాక్టర్లు ఆ కొలతల పుస్తకాన్ని ఎంబీ అంటారు. ఎంత పొడవు, ఎంత మందం వేసినట్టు రాసి బిల్లు తీసుకున్నారో అందులో ఉంటుంది. టేపు పట్టుకుని వెళ్లి కొలిస్తే మీ వ్యాసం దానంతటదే రాసుకుంటుంది.

ఏడు: ఇప్పుడు రాయండి

మొదట నేను రాసిన తీరు ఇది: 'పాలకుల నిర్లక్ష్యానికి నిలువెత్తు నిదర్శనంగా మారిన కాలువ వల్ల ప్రజలు నరకయాతన అనుభవిస్తున్నారు.' ఇందులో ఊరు లేదు, తేదీ లేదు, మనిషి లేడు. ఏ ఊరి కాలువకైనా అతికించుకోవచ్చు.

తరవాత రాసింది ఇది: 'మా వీధి మలుపులో కాలువ మీది పలక సంక్రాంతి ముందు విరిగింది. కాలువ మున్సిపాలిటీది. చువ్వలకి ఎర్ర గుడ్డ కట్టింది మాత్రం ఎదురింటి కిరాణా కొట్టాయన. కొత్త పలకకి అంచనా వేశారా అని అడిగాను. చూస్తామన్నారు. వచ్చే నెల ఇదే తేదీన మళ్లీ అడుగుతాను.' దీనికి ఎవరూ భలే అనలేదు. కానీ కౌన్సిలర్ ఫోన్ చేశాడు.

ఈ జిల్లాల్లో ఉండి పెద్ద పెద్ద సమాసాలు రాయడం నాకైతే సిగ్గుగా అనిపిస్తుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, సవర భాష నేర్చుకుంటూ, వాడుక తెలుగు కోసం పోట్లాడింది ఇక్కడి నుంచే. కొట్టు దగ్గర పైకి చదివి వినిపించండి. వినేవాళ్లు 'అంటే?' అన్న చోట మార్చండి.

చట్టం సంగతి. 2024 జూలై 1 నుంచి పరువునష్టానికి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్: రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. 'తిన్నాడు', 'దోచాడు' అన్న మాటలు కాగితం చేతిలో లేకుండా రాయకండి. 'లక్ష రూపాయల బిల్లు అయింది, అక్కడ పని కనబడలేదు' అనండి, చదివేవాడు అర్థం చేసుకుంటాడు. అత్యాచార బాధితుల పేరు, వీధి, బడి ఏదీ రాయకూడదు, పేపర్లో ఎవరైనా రాసినా సరే. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకి పోలింగ్ ముగిసే ముందు 48 గంటలు ప్రచారం మీద నిషేధం ఉంటుంది, ఆ రెండు రోజులూ ఫోను జేబులో పెట్టుకోండి. భాష మీద, కులం మీద జోకులు మన జిల్లాల్లో అస్సలు వద్దు. మనం ఇక్కడ పక్కపక్క ఇళ్లలో ఉంటున్నాం.

ఎనిమిది: తప్పయితే

తప్పు అని తెలియగానే, మొదట పంపినవాళ్లందరికీ, మొదట పంపినంత పెద్దగానే దిద్దుబాటు పంపండి. 'నిన్న నేను గోతుల రోడ్డు మున్సిపాలిటీది అన్నాను. కాదు, రాష్ట్ర రోడ్ల శాఖది.' ఇంతే. సంజాయిషీ అక్కర్లేదు. ఆ రోజు నేను పంపినప్పుడు ఇద్దరు నవ్వారు, ఒకాయన నన్ను అమ్ముడుపోయావన్నాడు.

ఒక నోటుబుక్కు పెట్టండి. ఎడమ పేజీలో ఎవరు ఏం మాట ఇచ్చారో తేదీతో. కుడి పేజీ ఖాళీ. మూడు నెలలకోసారి కుడి పేజీ నింపండి. నా పుస్తకంలో కాలువ పలక పేజీలో కుడివైపు రెండు వరసలున్నాయి: కొత్త పలక వేశారు, ఎర్ర గుడ్డ తీసేశారు. దాని కింద మెయిన్ రోడ్డు పేజీ. అక్కడ కుడివైపు ఇంకా తెల్లగానే ఉంది.